టీవీ టవర్ మీది దుర్భిణి

లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే పిల్లలంతా ఒక్కసారిగా బయటికి ఉరికారు.

"ఆగుర్రి! లైన్ల నడువుర్రి! లొల్లి చేస్తే కిందికి తీసుకపోతా!" అని తనూజ టీచర్ అరిచింది.

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. లిఫ్ట్‌లో పైకి వస్తున్నప్పుడే అందరి చెవులూ మూసుకుపోయాయి మరి.

పాతబస్తీ పిల్లలకు ఆ టీవీ టవర్ కొత్తది కాదు. ఏ మేడ ఎక్కినా, ఏ గల్లీ చివర నిలబడినా ఎరుపు తెలుపు పట్టీలతో అది కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో జనం వస్తారు. కానీ అయిదో తరగతి పిల్లల్లో దాని పైకి ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ ఇదే మొదటిసారి.

పైన గుండ్రటి వరండా ఉంది. చుట్టూ ఇనుప జాలీ. జాలీలోంచి గాలి ఈల వేస్తోంది. తల ఎత్తి చూస్తే ఇంకా పైకి పోయిన పెద్ద కడ్డీ కనిపించింది.

"మీ ఇండ్లల్ల టీవీల బొమ్మ వస్తది చూడు, అది గీ కడ్డీ నుంచే పోతది" అన్నాడు అక్కడి కాపలా మల్లన్న. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు.

కింద ఊరంతా పరిచినట్టు ఉంది. చార్మినార్ నాలుగు అగ్గిపుల్లల్లా కనిపించింది. మూసీ ఒక సన్నని గీతలా ఉంది. యాకుత్‌పురా స్టేషన్‌లోకి ఒక రైలు నెమ్మదిగా పాకుతూ వెళ్లింది.

"మస్తుందిరా!" అని అక్షయ్ ఎగిరాడు.

మేధ మాత్రం ఎగరలేదు. ఆమె పొద్దుటి నుంచి ముఖం ముడుచుకునే ఉంది.

బస్సులో కిటికీ పక్క సీటు తన స్నేహితురాలు రాహేలు కోసమని వారం ముందే మాట్లాడి పెట్టుకుంది. ఇద్దరూ ఒకే బెంచీ. ఇళ్లు కూడా పక్క పక్క గల్లీలే. పొద్దున పిలవడానికి వెళ్తే రాహేలు మెట్ల కిందనే ఎదురొచ్చింది. చేతిలో లీవ్ లెటర్ పెట్టింది.

"జ్వరమొచ్చిందే. నేను వస్తలేను. టీచర్‌కు ఇయ్యి."

"ఒళ్లు కాలుతుందా? ఏది, చూడనీ."

రాహేలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు పో, బస్సు పోతది" అని గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది. కనీసం పైకి రమ్మని కూడా అనలేదు.

కిటికీ పక్క సీట్లో చివరికి కీర్తిప్రియ కూర్చుంది. దారి పొడుగునా బిస్కెట్లు తింటూనే ఉంది.

వరండాలో ఒక మూల నల్లటి పెద్ద దుర్భిణి ఉంది. దాని ముందు అందరూ వరస కట్టారు.

"ఒక్కొక్కరికి రెండే నిమిషాలు" అన్నాడు మల్లన్న, చేతి గడియారం చూసుకుంటూ.

మేధ వంతు వచ్చింది. దుర్భిణిని యాకుత్‌పురా వైపు తిప్పింది. ముందు అంతా మసకగా కనిపించింది. చక్రం తిప్పగానే ఇళ్లు దగ్గరికి వచ్చాయి. రైలు పట్టాలు, పట్టాల పక్కన వేపచెట్టు, ఆ పక్కన పావురాల గూడు కట్టిన మేడ. దాన్ని ఆనుకుని నీలం రంగు నీళ్ల ట్యాంకు.

నీలం ట్యాంకు ఉన్నది రాహేలు వాళ్ల మేడ మీదే!

మేడ మీద ఎవరో ఉన్నారు. పసుపుపచ్చ ఫ్రాకు, రెండు జడలు. క్రిస్మస్‌కు కుట్టించుకున్న ఫ్రాకు అది. ఆ పిల్ల పెద్ద బట్ట ఒకటి రెండు చేతులా పట్టుకుని గాల్లోకి ఎగరేస్తోంది. అటు ఉరుకుతోంది, ఇటు ఉరుకుతోంది.

మేధకు ఒళ్లు మండింది. జ్వరమట!

"అరే, రాహేలు!" అని గట్టిగా అరిచింది. "జ్వరమని చెప్పి మేడ మీద ఎగురుతుంది! బట్ట పట్టుకొని ఆడుకుంటుంది!"

అంతే. వరస చెదిరిపోయింది. "ఏదీ, ఏదీ?" అంటూ అందరూ దుర్భిణి మీద పడ్డారు. ఒకరి తరవాత ఒకరు చూశారు. అక్షయ్ చూశాడు. కీర్తిప్రియ చూసింది.

"నిజమే! ఎగురుతుంది!"

"మనకేమో టోపీ పెట్టింది!"

తనూజ టీచర్ అక్కడికి వచ్చింది. ఆమె దుర్భిణిలోకి చూడలేదు. "ఏంది మేధా, నిజంగ రాహేలేనా?" అని అడిగింది.

"అవును టీచర్. నేను గుర్తుపట్టిన. ఆడుకుంటుంది."

టీచర్ ముఖం గంభీరంగా మారింది. "సరే, రేపు మాట్లాడతా" అంది.

తిరుగు ప్రయాణంలో బస్సంతా అదే మాట. అందరూ మేధనే అడిగారు. ఎలా కనిపించింది, ఏం చేసింది అని. మేధ తన చున్నీ తీసి రెండు చేతులా పట్టుకుంది. సీట్ల మధ్య అటూ ఇటూ ఊపుతూ ఎగిరి చూపించింది. బస్సంతా పడిపడి నవ్వింది. అడిగిన ప్రతిసారీ మళ్లీ చూపించింది. చూపించిన ప్రతిసారీ రాహేలు ఇంకొంచెం ఎత్తు ఎగిరింది.

సాయంత్రం ఇంట్లో నాయనమ్మ రమాబాయికి కూడా చెప్పింది. నాయనమ్మ పూలు గుచ్చుతూ విన్నది.

"అంత దూరం నుంచి ఆ పిల్ల ముఖం కూడా కనబడిందా?" అని అడిగింది.

మేధ ఒక్క క్షణం ఆలోచించింది. "ముఖం కనబడలే. ఫ్రాకు కనబడింది. జడలు కనబడ్డయి."

"నవ్వుతుందో ఏడుస్తుందో తెల్వలేదన్నమాట" అంది నాయనమ్మ. మళ్లీ పూల బుట్టలో చెయ్యి పెట్టింది.

మేధ లేచి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాటే మళ్లీ గుర్తొచ్చింది.

మర్నాడు రాహేలు స్కూలుకి వచ్చింది. ఆలస్యంగా వచ్చింది. జడలు సరిగ్గా లేవు, కళ్ల కింద నలుపు. మేధ పక్కన కూర్చుంది. "టవర్ ఎట్లుందే? మా ఇల్లు కనబడిందా?" అని మెల్లిగా అడిగింది.

మేధ బ్యాగులో పెన్సిల్ వెతకసాగింది.

అంతలో తనూజ టీచర్ పిలిచింది. "రాహేలూ, లేచి నిలబడు."

రాహేలు నిలబడింది.

"నిన్న జ్వరమని లెటర్ పంపినవు. మరి మేడ మీద ఏం చేస్తున్నవు?"

రాహేలు తలెత్తి చూసింది. టీచర్ వైపు కాదు, చుట్టూ చూసింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"టవర్ మీద నుంచి అందరం చూసినం" అన్నాడు అక్షయ్. "మేధ చూపించింది."

రాహేలు అప్పుడు మేధ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నమ్మలేనట్టు చూసింది. మేధ పుస్తకంలోకి తల దించుకుంది.

"చెప్పు రాహేలూ. జ్వరం వచ్చిందా, రాలేదా?"

"రాలేదు టీచర్."

"మరి ఎందుకట్ల రాసినవు?"

రాహేలు పెదవులు బిగించింది. బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుంది. ఎంతసేపు అడిగినా నోరు విప్పలేదు.

"రేపు మీ అమ్మను తీసుకొని రా."

"అమ్మ డ్యూటీకి పోతది టీచర్."

"అయితే మీ నాయనను."

"నాయన లారీ మీద పోయిండు. వచ్చే వారం వస్తడు."

టీచర్ నిట్టూర్చి కూర్చోమంది.

ఇంటర్వెల్‌లో అసలు గోల మొదలైంది. మగపిల్లలు చేతిరుమాళ్లు తీశారు. రాహేలు నీళ్ల కుళాయి దగ్గరికి పోతే వెనకాలే పోయారు. రుమాళ్లు ఊపుతూ అటూ ఇటూ ఎగిరారు. "జ్వరం! జ్వరం!" అని అరిచారు. నిన్న బస్సులో మేధ ఎలా ఎగిరిందో, అచ్చం అలాగే.

రాహేలు నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చింది.

మేధ వరండాలో నిలబడి అంతా చూసింది. ఆపమని అరుద్దామనుకుంది. కానీ ఆ ఆట నేర్పింది తనే.

మర్నాడు రాహేలు రాలేదు. ఆ తరవాతి రోజూ రాలేదు. ఈసారి లెటర్ కూడా లేదు. బెంచీలో మేధ పక్కన చోటు ఖాళీగా ఉంది. అందరూ ఆ సంగతి మరిచిపోయి వేరే ఆటల్లో పడ్డారు. మేధ మరవలేదు.

శనివారం ఒంటిపూట బడి. మేధ ఇంటికి వచ్చి బ్యాగు పడేసింది. "నాయనమ్మా, రాహేలు వాళ్లింటికి పోయి వస్తా" అని బయల్దేరింది.

గల్లీ దాటి, పావురాల మేడ పక్కనున్న మెట్లెక్కింది. మొదటి అంతస్తులో రెండు గదులు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి రాహేలు గొంతు వినిపించింది.

"తాతా, కొంచెం పక్కకు ఒరుగు. గంతే. అయిపాయె. ఫికర్ చెయ్యకు."

మేధ లోపలికి చూసింది.

మంచం మీద ఇస్సాకు తాత ఉన్నాడు. ఆయన మేధకు బాగా తెలుసు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని రాహేలును సైకిల్ మీద చర్చికి తీసుకెళ్లేవాడు. గల్లీలో ఎవరి సామాను మొయ్యాలన్నా ఆయన్నే పిలిచేవారు.

ఇప్పుడు ఆయన నోరు ఒక పక్కకు లాగి ఉంది. కుడి చెయ్యి కర్రలా పక్కన పడి ఉంది. రాహేలు ఆయన కింద నుంచి తడిసిన దుప్పటి లాగుతోంది. గదిలో ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకో వాసన.

ఇస్సాకు తాత కళ్లు తలుపు వైపు తిరిగాయి. మేధను చూశాయి. ఆయన మెల్లగా, చాలా కష్టంగా ముఖాన్ని గోడవైపు తిప్పుకున్నాడు.

రాహేలు వెనక్కి తిరిగింది. దుప్పటిని బకెట్‌లో వేసి బయటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. బకెట్ ఎత్తుకుని మేడ మెట్లు ఎక్కింది. మేధ వెనకాలే వెళ్లింది.

పైకి వెళ్లాక రాహేలు బకెట్ దబ్బున కింద పెట్టింది.

"చూసినవు కదా? ఇగ పో. పోయి అందరికి చెప్పు."

మేధ కదల్లేదు. "ఏమైందే తాతకు?"

"పక్షవాతం. పదిహేను రోజులాయె. మీరు టవర్‌కు పోయే ముందురోజే దవాఖాన నుంచి ఇంటికి పంపిండ్రు. అందరికి ఊరికి పోయిండని చెప్పినం." రాహేలు నీళ్ల ట్యాంకు నల్లా తిప్పింది. "అమ్మ పొద్దుగాల ఆరింటికి డ్యూటీకి పోతది. రెండింటికి వస్తది. గప్పటిదాక నేనే చూసుకోవాలె. నేను బడికొచ్చిన దినం అమ్మ సెలవు పెట్టింది. దినాం మూడు నాలుగు దుప్పట్లు అయితయి. మంచిగ పిండరాదు నాకు. గాలిల దులుపుతే జల్ది ఆరుతయి."

గాలిలో దులిపితే. మేధకు దుర్భిణిలో చూసిన బొమ్మ గుర్తొచ్చింది. అటు ఉరికిన పిల్ల, ఇటు ఉరికిన పిల్ల.

"క్లాసుల టీచర్ అడిగినప్పుడు చెప్పొచ్చు కదనే. ఎందుకు చెప్పలే?"

"తాత చెప్పొద్దన్నడు." రాహేలు బకెట్‌ను నల్లా కిందికి జరిపింది. "మంచంల తడుపుకుంటున్న అని ఎవ్వరికి తెల్వొద్దు, నా ఇజ్జత్ పోతది బిడ్డా అని ఏడ్చిండు. తాత ఏడ్వంగ నేనెన్నడు చూడలే. ఒట్టు పెట్టిన."

"నాకు కూడ చెప్పకపోతివి."

రాహేలు నల్లా కట్టేసింది. "నీకు చెప్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

మిగతా మాట చెప్పనక్కర లేకపోయింది. మేధకు అర్థమైంది. చెంపల్లోకి వేడి పాకింది.

"ఇగ ఎవ్వరికి చెప్పను" అంది.

"చెప్పకుండ ఉండగలవా నువ్వు?"

ఉండగలనని మేధ వెంటనే అనలేకపోయింది. ఆమెకే నమ్మకం లేదు. ఇంతవరకు ఏ మాటా ఆమె నోట్లో ఒక పూట కూడా నిలవలేదు.

రాహేలు దుప్పటిని నీళ్లలో జాడించి పిండటం మొదలుపెట్టింది. అది బరువుగా ఉంది. చేతుల్లోంచి జారిపోతోంది. మేధ దగ్గరికి వెళ్లి రెండో కొస పట్టుకుంది. రాహేలు వద్దనలేదు. ఇద్దరూ చెరో పక్కకు మెలిపెట్టారు. నీళ్లు జలజలా కారాయి. దులిపి తీగ మీద ఆరేశారు. ఆ తరవాత ఇంకోటి.

వెళ్లేముందు మేధ ఆగింది. "టీచర్‌కు ఒక్కదానికి చెప్పొచ్చేమో, తాతను అడుగు. క్లాసుల కాదు, వేరేగ. తాత వద్దంటే వద్దు."

ఇంటికి రాగానే నాయనమ్మ అడిగింది. "ఏమైందే, ఎందుకు వస్తలేదట ఆ పిల్ల?"

మొత్తం కథ మేధ నాలుక చివర ఉంది. తాత ముఖం, దుప్పట్లు, వాసన, అన్నీ. మంచినీళ్లు తీసుకుని గ్లాసెడు తాగింది.

"ఇంట్ల పనుందట నాయనమ్మా" అంది.

నాయనమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, పూల బుట్ట ముందుకు లాక్కుంది.

సోమవారం హాజరు అయిపోగానే మేధ లేచి నిలబడింది.

"టీచర్, నేనొక మాట చెప్పాలె."

"చెప్పు."

"టవర్ మీద నేను చెప్పింది తప్పు. రాహేలు బట్ట దులుపుతుంటే చూసిన. గంతే చూసిన. ఆడుకుంటుందని నేనే కలిపి చెప్పిన. బస్సుల ఎగిరి చూపించింది గూడ నేనే. ఆమె అట్ల ఎగరలే."



"మరి జ్వరమని ఎందుకు రాసింది?" అని అక్షయ్ అడిగాడు.

"అది నేను చెప్పేది కాదు."

"నీకు తెలుసు! తెలుసు కదా! చెప్పవే!"

"తెలిసినా చెప్పను."

"పెద్ద పోజు కొడుతుంది" అంది కీర్తిప్రియ. వెనక బెంచీలో ఎవరో "అబద్ధాలకోరు" అన్నారు. ఈసారి ఆ మాట మేధ గురించే. మేధ చెవులు మండాయి. అయినా అలాగే నిలబడింది.

తనూజ టీచర్ ఆమె వైపు చూసింది. తరవాత హాజరు పుస్తకం మూసింది. "నేను కూడ అందరి ముందు అడిగి ఉండొద్దు" అంది మెల్లగా, తనతో తను అనుకున్నట్టు. "కూర్చో మేధా."

మంగళవారం మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక రాహేలు గేటు దగ్గర కనిపించింది. వాళ్లమ్మ ఆ రోజు సగం పూట సెలవు పెట్టిందట. రాహేలు నేరుగా మేధ దగ్గరికి వచ్చింది.

"తాత చెప్పుమన్నడు. టీచర్‌కు ఒక్కదానికే."

"పోదాం పా."

ఇద్దరూ స్టాఫ్ రూమ్ దాకా వెళ్లారు. తనూజ టీచర్ ఒక్కతే ఉంది. రాహేలును చూడగానే లేచి నిలబడి, లోపలికి రమ్మని కుర్చీ జరిపింది. రాహేలు లోపలికి వెళ్లింది. మేధ బయటే ఆగింది.

తలుపు పూర్తిగా మూసుకోలేదు. సందులోంచి రాహేలు గొంతు వినిపించింది. "టీచర్, మా తాత..."

మేధ చెవి దానంతట అదే ఆ సందు వైపు వాలింది. రాహేలు ఎలా చెబుతుందో, టీచర్ ఏమంటుందో, ఏడుస్తుందో లేదో వినాలని ప్రాణం లాగింది.

చెయ్యి చాపి తలుపును దగ్గరగా లాగింది. రాహేలు గొంతు వినిపించడం ఆగిపోయింది. వరండా దాటి, మెట్లు దిగి, కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడింది.

అక్షయ్, కీర్తిప్రియ ఉరుక్కుంటూ వచ్చారు.

"రాహేలు టీచర్ దగ్గరికి పోయిందా? లోపల ఏమైతుంది?"

"తెల్వదు."

"నువ్వు తలుపు కాడనే ఉన్నవు కదా!"

"నేను వినలే" అంది మేధ.

వాళ్లు ఆమెను నమ్మలేదు. కాసేపు చూసి వెళ్లిపోయారు.

చాలాసేపటికి రాహేలు బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముఖం కడుక్కుని, రెండు దోసిళ్ల నీళ్లు తాగింది. ఏమన్నది టీచర్ అన్న మాట మేధ నోటి దాకా వచ్చింది. పెదవులు గట్టిగా మూసుకుంది. ఇద్దరూ క్లాసు వైపు నడిచారు.

పది అడుగులు వేశాక రాహేలే మొదలుపెట్టింది.

"అమ్మ డ్యూటీ మారేదాక నన్ను మధ్యాహ్నం నుంచి రమ్మన్నది టీచర్. పొద్దటి నోట్సు నీ దగ్గర రాసుకోమన్నది." గొంతు తగ్గించింది. "తాత నిన్న ఎడమ చేత్తోని చెంచా పట్టుకున్నడు. నీకొక్కదానికే చెప్తున్న."

మేధ తల ఊపింది.